వర్టస్ 1.5 టర్బో: మాన్యువల్ తీసుకోవాలా, డీఎస్‌జీ తీసుకోవాలా?

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ ఉన్న కారును నేను కొంతకాలంగా హైదరాబాద్‌లో నడుపుతున్నాను. అదే ఇంజిన్‌కు ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో గేర్లను తానే మార్చుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్న కారు మా బావగారి దగ్గర ఉంది. అవసరాన్ని బట్టి మేము తరచూ కార్లు మార్చుకుంటాం కనుక రెండింటి గుణగణాలూ నాకు బాగా తెలుసు. కాగితం మీద చూస్తే శక్తిలో తేడా లేదు: రెండింటిలోనూ 150 పీఎస్, 1600 నుంచి 3500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. ఆ టార్క్ మనం కోరిన క్షణానికి అందుతుందా, కాస్త ఆగి అందుతుందా అన్న దగ్గరే అసలు తేడా మొదలవుతుంది.

ఆటోమేటిక్ అంటే మందకొడి అన్న పాత అభిప్రాయం డీఎస్‌జీకి వర్తించదు. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటే, రెండోది 2, 4, 6 గేర్లను, రివర్స్‌ను చూసుకుంటుంది. మూడో గేరులో వేగం పుంజుకుంటున్నప్పుడే నాలుగోది సిద్ధమై ఉంటుంది కనుక, గేరు మారిన సంగతి చెవికి తెలుస్తుంది తప్ప వీపుకు తెలియదు. సమయం లెక్కించి పోటీ పెడితే నా చెయ్యి దానితో ఎన్నటికీ గెలవదు. అయితే ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 కిలోమీటర్ల పరిమితిని చిటికెలో చేరుకున్నాక నడిపేవాడికి చేయడానికి ఏమీ మిగలదు.

మాన్యువల్ విలువ నాకు శ్రీశైలం దారిలో తెలిసింది. మన్ననూరు దాటి నల్లమలలోకి ప్రవేశించాక అది పులుల అభయారణ్యం. జంతువులు ఎప్పుడు అడ్డొస్తాయో తెలియని ఆ దారిలో వేగంగా వెళ్లకూడదు, ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో వెళ్లలేము కూడా. అంత తక్కువ వేగంలోనూ మలుపుకు ముందే రెండో గేరుకు తగ్గించి, బ్రేకు మీద భారం పడకుండా ఇంజిన్ పట్టుతోనే దిగి, మలుపు విప్పుకోగానే మూడో గేరుకు వెళ్లడంలో ఉన్న ఆనందం డీఎస్‌జీలో నాకు దొరకలేదు. దానిని మామూలు డ్రైవ్ మోడ్ అయిన ‘డి’లో వదిలేస్తే పెట్రోలు ఆదా కోసం తొందరగా పై గేర్లకు వెళ్లిపోతుంది. స్పోర్ట్ మోడ్ అయిన ‘ఎస్’లో పెడితే కింది గేర్లను పట్టుకుని ఉంటుంది కానీ, ప్రశాంతమైన అడవిలో ఆ ఇంజిన్ హోరు అనవసరమనిపిస్తుంది. స్టీరింగ్ వెనుక ఉండే, వేళ్లతో గేర్లు మార్చే ప్యాడిల్స్ వాడటమే నయం. ఓవర్‌టేక్ చేసేటప్పుడు కూడా ఇదే తేడా కనిపిస్తుంది. ముందున్న బస్సు పక్కన దారి ఖాళీ కాబోతోందని నా కంటికి ముందే తెలుస్తుంది కనుక గేరు తగ్గించి కాచుకుని ఉంటాను. గేర్‌బాక్స్‌కు మాత్రం నా పాదం చెప్పిన తరువాతే తెలుస్తుంది.

నగరంలో లెక్క తిరగబడుతుంది. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి వైపు పాకుతూ వెళ్లేటప్పుడు టర్బో ఊపందుకునేంత ఆర్‌పీఎం రానే రాదు. ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య ఎడమకాలు నలిగిపోతుంది. అలాంటి రోజుల్లో నేను ఏ మొహమాటమూ లేకుండా బావగారి తాళాలే అడుగుతాను. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈ డీఎస్‌జీలో ఉన్నవి పొడి క్లచ్‌లు, అంటే నూనెలో మునిగి ఉండనివి. మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ద్రవం చేసే పనిని ఇక్కడ క్లచ్ పలకలే రాసుకుంటూ చేయాలి కనుక, అంగుళం అంగుళం జరిపితే అవి వేడెక్కుతాయి. ముందు కారు నాలుగైదు మీటర్లు కదిలేదాకా ఆగి ఒకేసారి కదలడం, ఫ్లైఓవర్ ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో కాకుండా బ్రేకుతోనే కారును ఆపి ఉంచడం అలవాటు చేసుకోవాలి. వెనుకవారు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

మైలేజీలో మాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నడిపే తీరును బట్టి వచ్చే తేడాయే ఎక్కువ. డీఎస్‌జీకి ధర ఎక్కువ, వారంటీ గడువు తీరాక దాని మరమ్మతులు ఖరీదైనవి కనుక పొడిగించిన వారంటీ ఖర్చును కూడా మొదటి లెక్కలోనే వేసుకోవడం మంచిది. ఇంట్లో ఒకే కారు ఉండి, అది రోజూ ఆఫీసు దారిలోనే తిరిగేదైతే డీఎస్‌జీయే తీసుకోండి. మెట్రోలో ఆఫీసుకు వెళ్లే నాలాంటివారికి, కారు ఎక్కువగా సెలవు రోజుల్లోనే బయటికి వచ్చేవారికి మాన్యువల్ తగినది. టెస్ట్ డ్రైవ్ మాత్రం ఉదయం ఖాళీ రోడ్డు మీద చేయకండి. సాయంత్రం ఆరు దాటాక రెండు కార్లనూ ఒకే దారిలో నడిపి చూడనివ్వమని షోరూమ్‌వారిని పట్టుబట్టి అడగండి.