నాలుగేళ్లుగా బండిలోనే ఉన్న గాలి మిషన్

మాకు నెల్లూరు దగ్గర మైపాడు అవతల రొయ్యల గుంటలున్నాయి. తారు రోడ్డు దిగాక సరుగుడు తోపుల మధ్య రెండు కిలోమీటర్లు ఒట్టి ఇసుక. వానాకాలంలో తడి మీద గట్టిగానే ఉంటుంది కానీ ఫిబ్రవరి దాటిందంటే పిండిలా అయిపోతుంది. ఈ దారి కోసమే మహీంద్రా థార్ జీపు కొన్నాం. ఫోర్ వీల్ ఉంది కదా, ఇక దిగులు లేదనుకున్నాం.

కొన్న ఏడాదే ఏప్రిల్‌లో ఒక రాత్రి ఒంటిగంటకు ఫోనొచ్చింది. కరెంటు పోయింది, జనరేటర్ బ్యాటరీ పట్టడం లేదు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే గుంటలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేలోపు రొయ్య తేలుతుంది, ఆ టెన్షన్ గుంటలున్నవాళ్లకే తెలుసు. ఇంకో బ్యాటరీ వేసుకుని బయల్దేరితే సగం దారిలో బండి ఇరుసు దాకా దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోపలికి పోతోంది. చివరికి ఆ బ్యాటరీని నేనూ మా తమ్ముడూ మార్చి మార్చి భుజాన మోసుకుంటూ కిలోమీటరు నడిచాం. పొద్దున ట్రాక్టర్ తెచ్చినతను తాడు కట్టలేదు. "ముందు గాలి తియ్యండన్నా, లాగేది తర్వాత చూద్దాం" అని నాలుగు టైర్లలో సగం గాలి వదిలేశాడు. చక్రాల ముందు ఇసుక కాస్త చేత్తో తీసి రెండో గేరులో మెల్లగా వదిలితే బండి దానంతట అదే బయటికొచ్చింది.

గాలి తీస్తే టైరు వెడల్పు అవుతుందని చాలామంది అంటారు. వెడల్పు పెరిగేది కొంచెమే, నేలకు ఆనే పొడవు బాగా పెరుగుతుంది. బరువు ఆ పొడవంతా పరుచుకుంటుంది కాబట్టి టైరు ఇసుకను తవ్వకుండా దాని మీద నడుస్తుంది. నేను రోడ్డు మీద 32 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) పెడతాను, ఇసుకలోకి దిగే ముందు 18కి దించుతాను, మరీ పిండి ఇసుకైతే 15. అంతకన్నా కిందికి పోను. ఒకసారి కొత్తపట్నం దగ్గర 12కి దించి స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి జారిపోయింది. పలక మీద జాకీ పెట్టి లేపి, అంచుకి సబ్బునీళ్లు రాసి, లగేజీ బెల్టు టైరు చుట్టూ బిగించి గాలి కొడితేగానీ కూర్చోలేదు. గంటన్నర పట్టింది.

అసలు గాలి తీయడానికి ఎవరైనా వెనకాడేది మళ్లీ కొట్టేదెలా అనే కదా. అందుకే టైర్లకి గాలి కొట్టే మిషన్ బండిలో లేకుండా ఇసుకలోకి దిగొద్దంటాను. నేను మొదట కొన్నది లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నది. ఒక్కో టైరుకి ఎనిమిది తొమ్మిది నిమిషాలు, మూడో టైరు దగ్గర సాకెట్ ఫ్యూజు పోయింది. ఆ సాకెట్ మోయగలిగే కరెంటే తక్కువ, మిషన్‌ని తప్పుపట్టి లాభం లేదు. రెండోది రెండు సిలిండర్లది, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది. నాలుగేళ్లుగా వాడుతున్నది ఇదే. 18 నుంచి 32కి ఒక్కో టైరుకి రెండున్నర నిమిషాలు, నాలుగూ కలిపి పన్నెండు పదమూడు నిమిషాల్లో అయిపోతాయి. బాక్సు మీద నిమిషానికి ఇన్ని లీటర్ల గాలి అని వేసే లెక్క చూసి మాత్రం కొనకండి, అది టైరు తగిలించకుండా కొలిచేది, లోపల గాలి పెరిగేకొద్దీ మిషన్ వేగం తగ్గుతుంది.

వాడేటప్పుడు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాలి, లేదంటే బ్యాటరీ దిగిపోతుంది. మే నెలలో రెండు టైర్లయ్యాక ఐదు నిమిషాలు ఆపుతాను, వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుంది. పైపు చివరి ఇత్తడి బిగింపు ఎంత కాలుతుందంటే, ఒకసారి వట్టి చేత్తో విప్పితే బొటనవేలు బొబ్బెక్కింది, అప్పట్నుంచి ఒక గుడ్డముక్క ఆ సంచిలోనే ఉంటుంది. ఉప్పుగాలికి క్లిప్పులు పచ్చగా చిలుము పట్టి రెండుసార్లు మార్చాను. గాలి పీల్చే చోట ఉన్న స్పాంజి నెలకోసారి దులపాలి, లోపలికి ఇసుక పోతే సిలిండర్ అరిగిపోతుంది. మిషన్ మీద మీటరు 3 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. విడిగా ముల్లు మీటరు ఒకటి కొనుక్కుని దాన్నే నమ్ముతున్నాను. ఎండలో హైవే మీద వచ్చాక 32 కాస్తా 36 చూపిస్తుంది, అది వేడి వల్ల. అది చూసి గాలి తీసేస్తే పొద్దునకి తక్కువైపోతుంది.

మా బావ చేతిలో పట్టుకుని గాలి కొట్టే ఛార్జింగ్ మిషన్ వాడతాడు. స్కూటీకి, కారులో నాలుగైదు పీఎస్ఐ తగ్గితే బాగానే ఉంది. ఇసుకలో దించిన టైర్లకైతే రెండోది అయ్యేసరికి ఛార్జింగ్ అయిపోయింది.

ఇసుక దాటాక గాలి కొట్టకుండా ఒకసారి నెల్లూరు దాకా వచ్చేశాను. దిగి ముట్టుకుంటే టైరు పక్కగోడ చెయ్యి పెట్టలేనంత కాలింది. పైకి బాగానే కనబడింది, నెల తిరక్కుండా ఉబ్బింది. ఆ టైరు డబ్బుతో ఇంకో మిషన్ వచ్చేది. తారు రోడ్డు ఎక్కగానే బండి ఆపండి, ఎంత తొందరున్నా సరే.

రాళ్ల దారి వేరు. భైరవకోన వైపు అడవి బాటల్లో 25 కన్నా కిందికి దించను, పక్కగోడ బయటికి పొంగితే రాయి అక్కడే కోస్తుంది. ఒంగోలు వైపు నల్లరేగడి బురదలో గాలి తీసినా పెద్దగా ఫలితం లేదు, టైరు గాడులన్నీ మట్టితో నిండిపోతాయి. ఎక్కడికెళ్లినా సర్కారు తుమ్మ ముళ్లు తప్పవు కాబట్టి ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు మిషన్‌తో పాటే ఉండాలి. ఇంకోటి, జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, ఆ నెలల్లో సరదాకని బీచ్‌లోకి బండి దించకండి.

ఇప్పుడు తారు రోడ్డు చివర సరుగుడు చెట్టు కింద ఆగి ఐదు నిమిషాల్లో గాలి దించి లోపలికి పోతున్నాం, పక్క గుంటలవాళ్లు కూడా అక్కడే ఆగి మా మిషన్‌తోనే కొట్టుకుంటున్నారు. ఈ మధ్య పైపు చివర కొంచెం లీకవుతోంది. కొత్త పైపు తెప్పించాను, మిషన్ మార్చే ఆలోచన లేదు.