మత్తులో ఎరుక ఎటు పోతుంది: మెదడు వాదమా, సాక్షి వాదమా, ఏది మేలు?

హైదరాబాద్‌లో చైతన్యం గురించి మాట్లాడేటప్పుడు క్లోరోఫాం అనే పాత మత్తుమందు దగ్గర మొదలుపెట్టాలి. 1888, 1889లలో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడే క్లోరోఫాం కమిషన్లు నడిపారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అందుకు డబ్బిచ్చారు. మత్తులో మనిషి పోతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది వాళ్ల ప్రశ్న. ఊపిరే అని తేల్చారు. తేలికపాటి మత్తులో గుండె కూడా నేరుగా ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. ఆ వాదన అలా తీరింది. ఈ రోజుకీ ఊళ్లో ఏ ఆసుపత్రిలోనైనా థియేటర్ బయట కూర్చున్నవాళ్లని తొలిచే ప్రశ్న మాత్రం వేరు: లోపల మనవాళ్లకి ఏమైనా తెలుస్తోందా?

మనసు, శరీరం రెండు వేర్వేరు పదార్థాలన్న ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ మాట ఇక్కడ ఎక్కువసేపు నిలవదు. శరీరం లేని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుందని 1643లోనే బొహీమియా యువరాణి ఎలిజబెత్ ఆయన్ని అడిగింది. సిరంజిలోని మందు ఆ మనసుని ఎలా ఆపుతుందన్నది కూడా అదే ప్రశ్న.

మిగిలినవి రెండు. మొదటిది, ఎరుక మెదడు చేసే పనే అనే వాదం. మెదడులో ఒక మూల తయారైన సమాచారం అన్ని మూలలకీ ప్రసారమైతేనే మనకి 'తెలిసింది' అవుతుందని 1988లో బెర్నార్డ్ బార్స్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మత్తు ఎక్కాక కూడా మెదడు పని చేస్తూనే ఉంటుంది, భాగాల మధ్య రాకపోకలే దెబ్బతింటాయి. అయితే ఆ ప్రసారానికి నొప్పి, తీపి అనే అనుభవం ఎందుకు తోడవ్వాలి? 1995లో తత్వవేత్త డేవిడ్ చామర్స్ 'కఠిన సమస్య' అన్నది దీన్నే. దీనికి మెదడు వాదం ఇంకా బాకీ ఉంది.

రెండోది అద్వైతం చెప్పే సాక్షి, అంటే అన్ని స్థితుల్నీ చూస్తూ ఉండే ఎరుక. మాండూక్య ఉపనిషత్తు పన్నెండు మంత్రాల్లోనే మెలకువ, కల, గాఢనిద్ర దాటి తురీయం అనే నాలుగో స్థితి దాకా తీసుకెళ్తుంది. "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అని లేచాక చెప్పగలుగుతున్నామంటే, ఆ తెలియకపోవడాన్ని చూసినవాడు ఒకడు ఉండాలి కదా అంటారు అద్వైతులు. చాలా పదునైన వాదం ఇది. నిద్రని ఉత్త ఖాళీగా తీసిపారేయనివ్వదు.

1977లో టన్‌స్టాల్ అనే వైద్యుడు చేసిన పరీక్ష ఈ రెంటికీ గీటురాయి. కండరాలు కదలకుండా చేసే మందు ఎక్కించే ముందే ఒక చేతికి పట్టీ బిగిస్తారు. ఆ మందు చేతిలోకి వెళ్లదు కాబట్టి చెయ్యి కదులుతుంది. "వినిపిస్తే నా చెయ్యి నొక్కండి" అంటే మత్తులో ఉన్నా కొందరు నొక్కుతారు. లేచాక వాళ్లలో చాలామందికి అదేదీ గుర్తుండదు! అంటే గుర్తు లేనంత మాత్రాన అనుభవం లేదనలేం. ఈ విషయంలో అద్వైతుల అనుమానం సరైనదే. కాకపోతే లేచాక చెప్పే మాటనే సాక్ష్యంగా తీసుకుంటే ఇక్కడ అది పనికిరాదు. పైగా రోగి చెయ్యి నొక్కినా, నొక్కకపోయినా సాక్షి ఉన్నాడనే అంటారు. అలాంటప్పుడు మందు మోతాదు ఎలా తేల్చుకోవాలి?

అందుకే, బాకీ ఉన్నా సరే, నేను మెదడు వాదం వైపే ఉంటాను. దాని మాట తప్పైతే పరీక్షలో దొరికిపోతుంది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, స్పృహ లేదని రాసిపెట్టిన 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతులు అలా ఊహించుకున్నప్పుడు మెదడులో మేలుకునే చోటే ఆమెలోనూ మేలుకుంది. ఆమెకి మాటలు వినిపిస్తున్నాయని చెప్పగలిగింది ఈ వాదమే.