‘ఆషాఢ్ కా ఏక్ దిన్’, ‘ఆఠవాఁ సర్గ్’: రెండు కాళిదాసు నాటకాల్లో ముందు ఏది?

హిందీ నాటకాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు ఇదే అడుగుతున్నారు. కళ మీద ప్రేమకీ, లోకం కోరుకునే బతుక్కీ మధ్య నలిగే మనిషి గురించి ఒక మంచి నాటకం చదవాలన్నా, కాలేజీ పిల్లల చేత వేయించాలన్నా, మోహన్ రాకేశ్ ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’ ఎంచుకోవాలా, సురేంద్ర వర్మ ‘ఆఠవాఁ సర్గ్’ ఎంచుకోవాలా? రెండిట్లోనూ కాళిదాసే ఉన్నాడు. మొదటిది 1958లో వచ్చింది, రెండోది 1976లో. నా మొగ్గు మొదటిదాని వైపే. అయితే రెండోదానికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చాకే ఆ మాట చెప్పాలి.

‘ఆఠవాఁ సర్గ్’ అంటే ఎనిమిదో సర్గ, కాళిదాసు కావ్యం కుమారసంభవంలోది. పార్వతీపరమేశ్వరుల దాంపత్య శృంగారం అందులో ఉంది. ఇది అశ్లీలమని, రాజ్యంలో ధర్మం సంగతి చూసే అధికారి ధర్మాధ్యక్షుడు అడ్డం తిరుగుతాడు. విచారణ సంఘం దాకా వ్యవహారం వెళ్తుంది. చక్రవర్తి చంద్రగుప్తుడు కవికి కావలసినవాడే, కానీ ఆయనకి రాజ్యం సజావుగా నడవాలి. రాజీకి రమ్మని ఒత్తిడి తెస్తాడు. కవి తలవంచడు, కావ్యం అసంపూర్తిగా మిగిలిపోతుంది. ఈ నాటకం వచ్చిన ఏడాది దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోందని గుర్తుంచుకుంటే, రాజుకీ కవికీ మధ్య నడిచే మాటల బరువు ఇంకాస్త తెలుస్తుంది.

పైగా ఈ గొడవ వర్మ ఊహలోంచి ఊడిపడింది కాదు. ఉత్తమ దేవతల సంభోగాన్ని వర్ణించడం కన్న తల్లిదండ్రుల సంభోగాన్ని వర్ణించినంత అనుచితమని అలంకారశాస్త్రవేత్త మమ్మటుడు తన కావ్యప్రకాశంలో తేల్చేశాడు. అంతకు ముందే మరో అలంకారశాస్త్రవేత్త ఆనందవర్ధనుడు ఈ దోషం ఎత్తి చూపి, కాళిదాసు ప్రతిభ ముందు అది పైకి కనబడదని సర్దిచెప్పాడు. ఇక సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత, మన మెదక్ జిల్లా కొలిచారం మనిషి మల్లినాథసూరి, పండితులు ఇంత ఇబ్బంది పడ్డ ఆ ఎనిమిదో సర్గను దాటేయకుండా దానికీ వ్యాఖ్య రాసి, అక్కడితో ఆపాడు. తర్వాతి తొమ్మిది సర్గలు కాళిదాసువి కావని చెప్పేవాళ్లు దీన్నీ ఒక ఆధారంగా చూపిస్తారు. ఇదంతా తెలిసిన తెలుగు పాఠకుడికి వర్మ నాటకం చాలా దగ్గరగా అనిపిస్తుంది. వాదనలు పదునుగా ఉంటాయి, ఒక పుస్తకం మీదో సినిమా మీదో గొడవ జరిగిన వారంలో వేస్తే హాలు కదిలిపోతుంది.

నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఇందులో కళకి అడ్డొచ్చేవాడు బయటివాడు. అతను అధికారం చేతిలో పెట్టుకుని వస్తాడు, మనకి మొదటి నుంచీ అతని మీద కోపమే. ప్రేక్షకుడు కవి పక్కన చేరిపోయి నిశ్చింతగా కూర్చోవచ్చు. తన ఇంట్లో తనూ అలాంటి అడ్డే అయి ఉండొచ్చన్న అనుమానం అతనికి రానక్కర్లేదు.

‘ఆషాఢ్ కా ఏక్ దిన్’లో కవిని రాయొద్దన్నవాడు ఒక్కడూ లేడు. ఉజ్జయిని నుంచి పిలుపు వస్తుంది, ఆస్థాన కవి పదవి వస్తుంది. వెళ్లడానికి కాళిదాసు తటపటాయిస్తుంటే, వెళ్లమని బలవంతపెట్టేది అతన్ని ప్రేమించిన మల్లికే. మరి లోకం ఎక్కడుంది? మొదటి దృశ్యంలోనే ఉంది. బయట ఉరుములు, వాన. లోపల మల్లిక తల్లి అంబిక చేట పట్టుకుని ధాన్యం చెరుగుతోంది. తొలి ఆషాఢపు వానలో కాళిదాసుతో కలిసి తడిసి, ఒళ్లంతా ఆనందమై కూతురు ఇంట్లోకొస్తుంది. తల్లి మాట్లాడదు, చెరుగుతూనే ఉంటుంది. కూతురి గురించి ఊళ్లో మాటలు పడ్డాయి, పెళ్లి సంబంధం అడగబోయిన మనిషి తిరిగొచ్చి కుదర్లేదని చెప్పాడు. తన ప్రేమ భావనకి సంబంధించినదని, బతుక్కి కావలసిన స్థూలమైన అవసరాలే సర్వస్వం కావని కూతురంటుంది. ఆ అవసరాలు తీరేదెలాగని తల్లి అడుగుతుంది. అంబిక అడిగినదాంట్లో తప్పేముంది? ఆడపిల్ల ఉన్న ఏ తెలుగిల్లయినా అదే అడుగుతుంది.

నా లెక్కలో ఇలాంటి నాటకాన్ని తేల్చేది ఒకే విషయం: కళ కోసం మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? వర్మ కాళిదాసు తన మూల్యం తానే చెల్లిస్తాడు, అందుకని వీరుడిలా కనిపిస్తాడు. రాకేశ్ కాళిదాసు కళకి మల్లిక చెల్లిస్తుంది. దీన్ని ఉపన్యాసంగా చెప్పకుండా ఒక గదిలో చూపించాడు రాకేశ్. మూడు అంకాలూ మల్లిక ఇంట్లోనే జరుగుతాయి, ఉజ్జయిని మనకి అసలు కనిపించదు. మొదటి అంకంలో గోడల కింది భాగం నున్నటి మట్టితో అలికి ఉంటుంది, అక్కడక్కడా జాజుతో వేసిన స్వస్తిక్ గుర్తులు. కొన్నేళ్లు గడిచి తెర లేచేసరికి ఆ ఇంటి కళ తగ్గిపోయి ఉంటుంది, మూడో అంకానికి శిథిలమే. అక్కడ కావ్యాలు ఒక్కొక్కటీ వెలుస్తుంటే ఇక్కడ ఇల్లు కూలుతోంది. ఆ కావ్యాల ప్రతులు మల్లిక రాజధాని నుంచి వచ్చే వ్యాపారుల ద్వారా సంపాదించుకుని చదువుకుంటుంది.

రెండో అంకం నన్ను బాగా బాధపెట్టే చోటు. కాళిదాసు భార్య, రాజకుమారి ప్రియంగుమంజరి ఆ ఇంటికి వస్తుంది. ఇల్లు బాగు చేయిస్తానంటుంది, తమ ఉద్యోగుల్లో ఒకర్ని పెళ్లి చేసుకోమని మల్లికకి చెబుతుంది. ఆమె చెడ్డది కాదు, నిజంగానే మేలు చేస్తున్నాననుకుంటోంది. కాళిదాసు ఊళ్లోనే ఉండి కూడా గుమ్మం తొక్కడు. ఈ ప్రియంగుమంజరి వర్మ నాటకంలోనూ ఉంది, అక్కడ ఆమెని ఇంటి లోపలి నుంచి చూస్తాం. రెండూ వెంట వెంటనే చదివేవాళ్లు ఆ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

చివర్లో అన్నీ వదులుకుని కాళిదాసు తిరిగొస్తాడు. అతని మహాకావ్యం కోసం మల్లిక తన చేతులతో కుట్టి దాచిన ఖాళీ పుటలు అతని చేతికొస్తాయి. అవి ఇప్పుడు ఖాళీగా లేవనీ, వాటి మీద మహాకావ్యం ఎప్పుడో పూర్తయిందనీ అంటాడు. ఆ పుటల మీద ఉన్నది కన్నీటి మరకలు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదామంటాడు. లోపల మల్లిక బిడ్డ ఏడుస్తుంది. అది విలోమ్ బిడ్డ, మల్లికని కోరుకున్న ఊరివాడు, కాళిదాసుకి ప్రత్యర్థి అయిన విలోమ్ బిడ్డ. ఇక చెప్పుకోవడానికి ఏం మిగల్లేదు.

ఈ నాటకానికీ లోపముంది. మూడో అంకంలో కాళిదాసు సుదీర్ఘంగా తన గురించి చెప్పుకుంటాడు. తపస్విని ఉమ నువ్వే, యక్షుడి బాధ నాదే, శకుంతలా నువ్వే అంటూ సాగే మాటలు చదవడానికి బాగుంటాయి కానీ, మామూలు నటుడి నోట్లో పడితే ప్రేక్షకులు కుర్చీల్లో కదులుతారు. వేసేవాళ్లు దాన్ని కొంత కుదించుకోవడమే మంచిది. శ్యామానంద్ జాలాన్ 1960లో కలకత్తాలో అనామిక సంస్థకి చేసినప్పటి నుంచీ, 1962లో ఇబ్రహీం అల్కాజీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేసినప్పటి నుంచీ ఎందరో దర్శకులు ఈ నాటకాన్ని ఎత్తుకున్నారు. కాబట్టి ఇది రంగస్థలం మీద నిలవదన్న టెన్షన్ అక్కర్లేదు. 1971లో మణి కౌల్ తీసిన సినిమా చూసి మాత్రం నాటకాన్ని కొలవకండి. అందులో మాటలు కావాలనే భావోద్వేగం లేకుండా పలికించారు, ఆ దారి వేరు.

జగదీశ్ చంద్ర మాథుర్ ‘కోణార్క్’ (1951) సంగతి కూడా అడుగుతుంటారు. శిల్పి విశు, కొడుకు ధర్మపద్, గుడి మీద కలశం నిలబెట్టే సమస్య, ఆఖరికి గుడి కూలడం. స్త్రీ పాత్రలు లేవు కాబట్టి అబ్బాయిలు మాత్రమే ఉన్న బృందానికి పనికొస్తుంది. ఈ ప్రశ్నకి మాత్రం అది సగం జవాబే.

కాబట్టి చదివేవాళ్లు ‘ఆషాఢ్’తో మొదలుపెట్టండి. రాకేశ్ హిందీలో తత్సమ పదాలు ఎక్కువ, కొద్దిపాటి హిందీ వచ్చిన తెలుగువాళ్లకి బజారు హిందీ కన్నా అదే తేలిక. వేసేవాళ్లకి మంచి వాదన చేయగల ఇద్దరు నటులుండి, మల్లికకి సరిపోయే అమ్మాయి దొరక్కపోతే, మొహమాటం లేకుండా ‘ఆఠవాఁ సర్గ్’ తీసుకోండి. ‘ఆషాఢ్’ వేస్తుంటే విలోమ్‌ని సినిమా విలన్‌లా చేయకండి. మల్లిక సంగతేమిటని కాళిదాసుని ముఖాన అడిగేది అతనే. ఆ ప్రశ్న అడిగే హక్కు అతనికి ఉందనిపించేలా ఆడగల నటుణ్ణి వెతుక్కోండి.