లీగల్ టూల్స్ డేటాబేస్: తీర్పు దొరుకుతుంది, నిలిచిందో లేదో మీరే చూసుకోవాలి

అంతర్జాతీయ నేరాల కేసుల తీర్పులు, అభియోగపత్రాలు ఆన్‌లైన్లో దొరికే చోటు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ) వాళ్ల లీగల్ టూల్స్ డేటాబేస్. దీనికి చందా లేదు, లాగిన్ లేదు. (ఐసీసీ అంటే ఇక్కడ క్రికెట్ కాదు.) యుద్ధాల్లో జరిగే లైంగిక నేరాల విచారణ మీద మూట్ కోర్టుకో (లా విద్యార్థుల నమూనా విచారణ పోటీ), పరిశోధనకో సిద్ధమయ్యేవాళ్లకు కావాల్సిన సరుకు దాదాపు అంతా ఇందులో ఉంది. వెతికే పద్ధతి తెలియకపోతే మాత్రం చీకటి గోదాములో దిగినట్టే.

సెర్చ్‌లో ‘రేప్’ అని ఒక్క మాట కొడితే కాగితాల కుప్ప మీద పడుతుంది. కేసు నంబరుతో వెళ్లండి. ఫురుంజియా (Furundžija) లాంటి పేర్లలో అక్షరాల మీద గుర్తులుంటాయి కాబట్టి స్పెల్లింగ్ దగ్గరే తేడా కొట్టే అవకాశం ఎక్కువ.

రువాండా మారణహోమం కేసుల కోసం ఐరాస పెట్టిన ట్రిబ్యునల్‌లో అకయేసు అనే మేయరు కేసునే తీసుకోండి. 1996 ఫిబ్రవరి నాటి మొదటి అభియోగపత్రంలో లైంగిక నేరాల ఊసే లేదు. సాక్షులు కోర్టులో నోరు విప్పాక, 1997 జూన్ 17న సవరించి 13, 14, 15 అభియోగాలు చేర్చారు. పాతది దింపుకుని తీర్పు పక్కన పెట్టుకుంటే లెక్క కుదరదు. శీర్షికలో ‘సవరించిన’ అన్న మాట చూసుకోండి.

1998 సెప్టెంబరు 2 నాటి తీర్పులో నేరుగా 688వ పేరాకు వెళ్లండి. ఒక విద్యార్థిని బట్టలు విప్పించి, స్థానిక ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో జనం ముందు జిమ్నాస్టిక్స్ చేయించిన ఘటన అక్కడుంది. ఒంటి మీద చెయ్యి పడకపోయినా అది లైంగిక హింసేనని కోర్టు తేల్చింది. అత్యాచారానికి నిర్బంధ పరిస్థితులే కొలమానమన్నదీ ఈ పేరాలోనే. ఐరాసదే అయిన యుగోస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్ 2001లో కునారాట్స్ (Kunarac) తీర్పు 460వ పేరాలో సమ్మతి లేకపోవడం వైపు మొగ్గింది. రెండూ కలిపేసి రాస్తే వాదన అక్కడే తెగుతుంది. ఐసీసీ కేసైతే ముందు చూడాల్సింది ఆ కోర్టు సొంత ‘నేరాల మూలాంశాలు’ (ఏ నేరానికి ఏమేం రుజువు కావాలో చెప్పే పత్రం). సాక్ష్యం సంగతికొస్తే ఐసీసీ విచారణ నియమావళిలో 63(4), 70, 71 నియమాలు చదవాలి. లైంగిక నేరం రుజువుకు మరో సాక్ష్యం తోడుండాలని కోర్టు పట్టుబట్టకూడదని మొదటిది చెబుతుంది. మిగతా రెండూ సమ్మతి, బాధితుల గత లైంగిక ప్రవర్తన గురించి.

అసలు చిక్కు వేరే ఉంది. మన కోర్టుల తీర్పులు వెతికే ఎస్‌సీసీ ఆన్‌లైన్‌కు అలవాటుపడ్డ మన లాయర్లు, పై కోర్టు కొట్టేసిన తీర్పు పక్కన హెచ్చరిక ఉంటుందనుకుంటారు. ఇక్కడ ఆ భరోసా పెట్టుకోవద్దు. కాంగో నేత బెంబా మీద ఐసీసీ ఇచ్చిన 2016 మార్చి 21 నాటి తీర్పు తెరవండి. సైనికుల అత్యాచారాలకు కమాండర్‌గా అతన్ని దోషిగా తేల్చిన ఆ పీడీఎఫ్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. 2018 జూన్ 8న అప్పీల్ ఛాంబర్ అతన్ని నిర్దోషిగా తేల్చిందన్న ముక్క అందులో ఎలా ఉంటుంది? అదే మరో కాంగో కమాండర్ ఎన్టగాండాకు పడ్డ శిక్ష 2021 మార్చి 30న అప్పీల్‌లో నిలిచింది. కాబట్టి ఏ తీర్పు దింపినా, అదే కేసులో తర్వాతి తేదీ అప్పీల్ కాగితం కూడా దింపాకే ఫుట్‌నోట్ రాయండి.

తెలుగు ఇంటర్‌ఫేస్ లేదు. ప్రతి పత్రానికీ శాశ్వత లింకు ఉంది, అది బాగుంది. బ్రౌజర్ అడ్రసు బదులు దాన్నే కాపీ చేసుకోండి. రేటింగ్ 5కి 3.5. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి బెంబాది.