ఎడారిలో బురద, డెల్టాలో ఇసుక: బోట్స్వానాలో పది రాత్రులు

2025 జనవరిలో నేను, నా భార్య, మా మరదలు, తోడల్లుడు కలిసి బోట్స్వానా వెళ్ళి పది రాత్రులు గడిపి వచ్చాము. ఎడారి కదా, నాలుగు రాత్రులు ఎలాగో ఓర్చుకుందామనుకున్న కలహారిలో మోకాలి లోతు బురదలో దిగబడ్డాము. నీటి మధ్య ఉండాలని మనిషికి 1,620 డాలర్లు, అంటే దాదాపు 1,39,000 రూపాయలు, విడిగా చెల్లించిన ఒకవంగో డెల్టా బసలో పడవ తేలేంత నీరు కూడా లేదు. ఈ తారుమారుకు కారణం ప్రకృతి కాదు, మాకు యాత్ర అమ్మిన హైదరాబాదు ఏజెంటు. అతడు చెప్పిన మాట ఒక్కటే: "సార్, జనవరి అంటే అక్కడ వానాకాలం, డెల్టా నిండుగా ఉంటుంది." వానాకాలంలో నది నిండుతుందన్న మాటను గోదావరి, కృష్ణల మధ్య పెరిగిన మాబోటివాళ్ళు అనుమానించరు. మేమూ అనుమానించలేదు.

మౌన్ పట్టణంలో దిగిన సాయంత్రమే మాకు తెలిసి ఉండవలసింది. ఊరి మధ్యగా పోయే తమలకనే నది వంతెన మీద నిలబడి చూస్తే, నది ఉండవలసిన చోట గడ్డి మొలిచి ఉన్నది, ఆ గడ్డిలో గాడిదలు మేస్తున్నాయి. "ఇది నదేనా?" అని మా గైడును అడిగాను. "నదే. జూన్, జూలైలలో రండి, నీళ్ళు కనిపిస్తాయి" అన్నాడు. అతడు హాస్యమాడుతున్నాడనుకుని నవ్వి ఊరుకున్నాను. అతడు నవ్వలేదని మాత్రం నా భార్య ఆ రాత్రే గమనించి చెప్పింది.

మరునాడు కలహారి ప్రయాణం. ముందూ వెనుకా తెరిచి ఉన్న ల్యాండ్‌క్రూజర్, దాని వెనుక గుడారాలు, నీటి డబ్బాలు, వంటసామాను మోసే ట్రైలరు, ఒక గైడు, ఒక వంటవాడు. దారిలో పశువైద్యశాఖ కంచె దగ్గర మమ్మల్ని ఆపి, మందు కలిపిన నీటిలో తడిపిన గోనెపట్టా మీద చెప్పులతో నడిపించారు, పెట్టెలు తెరిపించి పచ్చిమాంసం ఉన్నదేమో వెతికారు. గాలికుంటు వ్యాధి అడవిదున్నల నుంచి పశువుల మందలకు పాకకుండా ఈ కంచెలు వేశారు, ఎందుకంటే గొడ్డుమాంసం ఎగుమతి ఆ దేశపు ముఖ్యమైన ఆదాయాలలో ఒకటి. గుంటూరు జిల్లాలో మిరప, పత్తితో పాటు నాలుగు గేదెలను కూడా సాకే మా తోడల్లుడికి యాత్ర మొత్తంలో మొదటిసారి ఉత్సాహం కలిగింది ఇక్కడే. "గాలికుంటుకు దేశం అడ్డంగా కంచె వేశారా!" అని ఆ ఉద్యోగి చేయి పట్టుకుని ఊపాడు. ఆయన మర్యాదగా "దుమెలా రా" అన్నాడు. సెట్స్వానా భాషలో మగవారిని గౌరవంగా పలకరించే తీరు అది. "నన్ను రా అంటాడేమిటి అన్నయ్యగారూ" అని తోడల్లుడు నా వైపు తిరిగి ముఖం మాడ్చుకున్నాడు. అర్థం వివరించిన తరువాత పది రోజులూ ఎదురైన ప్రతివారినీ "రా" అని పిలిచి ఆ బాకీ తీర్చుకున్నాడు.

సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వును 1961లో ఏర్పాటు చేశారు. దాని విస్తీర్ణం 52,000 చదరపు కిలోమీటర్లకు పైగా, అంటే తెలంగాణలో దాదాపు సగం. అక్కడ తరతరాలుగా వేటాడుకుని బతికిన సాన్ ప్రజలను 1997లోను, 2002లోను ప్రభుత్వం బయటకు తరలించింది. 2006లో హైకోర్టు ఆ తరలింపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. మా గైడు ఈ విషయాన్ని కుదించి, స్వరం తగ్గించి చెప్పాడు. నేను మరిన్ని ప్రశ్నలు వేస్తే బండి ఆపి ఒక తాబేలును చూపించాడు.

డిసెప్షన్ వ్యాలీ అనే చోట, వేల యేళ్ళ కిందట ఎండిపోయిన ఒక నది లోయలో, మా గుడారాలు వేశారు. మా చోటికి కంచె లేదు, కుళాయి లేదు. ఒక గుంట మరుగుదొడ్డి, తాడుకు వేలాడదీసిన బకెట్టు స్నానం, మనిషికి రోజుకు ఒక్క బకెట్టు నీరు. ఏజెంటు కాగితంలో దీనిని "లగ్జరీ టెంట్" అని రాశాడు. అది పచ్చి అబద్ధమే అయినా, ఈ ఒక్క అబద్ధాన్ని నేను క్షమించాను. మంచం మీద శుభ్రమైన పరుపు, సంధ్యవేళ మంట చుట్టూ కుర్చీలు, అన్నీ కలిపి రోజుకు మనిషికి 340 డాలర్లు. పార్కు రుసుము, భోజనం, నీరు అందులోనే. ఆ దేశపు ధరలలో ఇది చవక.

వానాకాలంలో కలహారి ఎందుకు బాగుంటుందో మొదటి ఉదయమే తెలిసింది. డిసెంబరు నుంచి పడిన వానలకు లోయలో పొట్టి గడ్డి మొలిచి ఉన్నది, దాని కోసం జెమ్స్‌బాక్‌లు, స్ప్రింగ్‌బాక్‌లు అనే జింకలు వందల సంఖ్యలో వచ్చి చేరాయి, వాటి వెనుక వేటజంతువులు వచ్చాయి. ఒక చిరుత, పిల్లలు లేని రెండు చీతాలు, చెవులు జల్లెడంత ఉన్న నక్కలు. 2022లో నమీబియా నుంచి మధ్యప్రదేశ్ లోని కూనో అడవికి తెచ్చిన 8 చీతాల వార్తలు వరుసగా చదివిన నా భార్య, ఈ చీతాలకు ఉన్న మైదానం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోరి బస్టర్డ్ అనే భారీ పక్షి ఒకటి గడ్డిలో పెద్దమనిషిలా నడిచిపోయింది. మన రోళ్ళపాడులో కనుమరుగవుతున్న బట్టమేకపిట్టకు అది దగ్గరి బంధువు. ఇక్కడ ఒక్క పూటలో పదకొండు లెక్కపెట్టాను.

రెండో రోజు తెల్లవారుజామున చూసినదానిని మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. రాత్రి కురిసిన వాన బండిచక్రాల గాడిలో నిలిచి ఉన్నది. నల్లజూలు సింహం ఒకటి రోడ్డు మధ్యగా నడిచి వచ్చి, మా బండికి ఎనిమిది, పది అడుగుల దూరంలో ముందుకాళ్ళు మడిచి వంగి ఆ నీరు తాగడం మొదలుపెట్టింది. ఇంజను ఆపేసి ఉన్నది. నాలుక నీటిని తాకిన ప్రతిసారీ టప్, టప్ అని చప్పుడు. నేను నూట నలభై వరకు లెక్కపెట్టి మానేశాను. గడ్డం నుంచి బురదనీరు కారుతుండగా తల ఎత్తి మా వైపు చూసింది, మళ్ళీ వంగింది. మరదలు నా భార్య చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నదంటే సాయంత్రానికి అక్కడ గోళ్ళ గుర్తులు ఎర్రగా కనిపించాయి.

అదే మధ్యాహ్నం మేము దిగబడ్డాము. కలహారి అంతా ఇసుకే అనుకుంటాము గాని, లోయ అడుగున, ప్యాన్ అని పిలిచే చదునైన పల్లాలలో జిగురుమట్టి ఉంటుంది. ల్యాండ్‌క్రూజరు ఇరుసు దాకా కూరుకుపోగానే తోడల్లుడు కిందికి వంగి చేత్తో మట్టి తీసి, వేళ్ళ మధ్య నలిపి, "ఇది మన నల్లరేగడి!" అన్నాడు. గైడు చక్రాలను తిప్పబోతే వద్దని వారించాడు. రేగడిలో చక్రం తిరిగిన కొద్దీ దిగుతుందే తప్ప కదలదు. ఇద్దరూ కలిసి జాకీ ఎత్తి, చక్రాల కింద మట్టి తవ్వి, ఎండుకొమ్మలు, ఇనుప పలకలు పరిచి, ఎండ తగలడానికి వదిలేశారు. ఆ మూడు గంటలూ వంటవాడు బానెట్టు మీద నిలబడి గడ్డిలోకి చూస్తూనే ఉన్నాడు. ఉదయం చూసిన సింహం ఎటు వెళ్ళిందో ఎవ్వరమూ పైకి అడగలేదు. బండి బయటపడ్డాక గైడు మా తోడల్లుడికి వంగి నమస్కరించాడు. యాత్ర బుక్ చేసిన ఏజెంటు తనకు పరిచయస్థుడు కాబట్టి అప్పటిదాకా తప్పుచేసినవాడిలా ఒదిగి ఉన్న తోడల్లుడు, ఆ రాత్రి రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

అన్నం గురించి ఒక మాట. నా భార్య శాకాహారి. ఏజెంటు ఆ సంగతి ముందుగా ఎవరికీ చెప్పలేదు. వంటవాడు మాత్రం కంగారుపడకుండా మేము తెచ్చిన కందిపప్పును మూడుకాళ్ళ ఇనుపకుండలో, నిప్పుల మీద రెండు గంటలు ఉడికించాడు. తాలింపు ఎలా వేయాలో నా భార్య ఒక్కసారి చూపించింది. మరునాటి నుంచి ఆవాలు చిటపటలాడేదాకా అతడే నిలబడి వేచి చూశాడు. నిప్పుల్లో కాల్చిన రొట్టెతో ఆ పప్పు తిన్న నాలుగు రాత్రులూ ఆమె ఇంటి సంగతి ఎత్తలేదు.

తరువాత మొరెమి అభయారణ్యంలో రెండు రాత్రులు హాయిగా గడిచాయి: అడవికుక్కలు, నెల వయసు ఇంపాలా జింకపిల్లలు, దోమలు. అసలు కథ డెల్టాలోని బసది.

మౌన్ నుంచి ఆరుగురు పట్టే చిన్న విమానంలో ఇరవై నిమిషాలు. పైనుంచి చూస్తుంటే గోధుమరంగు కాలువలు, వాటి మధ్య చెట్లతో గుండ్రటి దీవులు. చాలా దీవులు చెదపుట్టల చుట్టూ పెరిగినవేనని పైలట్ చెప్పాడు. కాలువలలో నీటి తళుకు ఎక్కడో ఒకచోట తప్ప లేదు. బసలో దిగగానే చల్లని తువ్వాళ్ళు, నిమ్మరసం, పియానో. మేనేజరు చిరునవ్వుతో, "ప్రస్తుతం నీరు తక్కువగా ఉన్నది కాబట్టి మొకోరో అనే గడకర్ర పడవ, మోటారుపడవ రెండూ లేవు, వాటికి బదులు జీపు తిప్పుతాము" అన్నాడు. మేము చెల్లించిన ధరలో "నీటి విహారం" ఉన్నదని స్పష్టంగా రాసి ఉన్న కాగితం నేను చూపించాను. కింద చిన్న అక్షరాలలో "నీటిమట్టాన్ని బట్టి" అని ఉన్న మాటను ఆయన చూపించాడు. డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నాడు. ఇంత నీరు తక్కువని బుకింగు సమయంలో ఎందుకు చెప్పలేదంటే, "మీ ఏజెంటు అడగలేదు" అన్నాడు. రెండు రాత్రులూ పరుపులు మెత్తగానే ఉన్నాయి, సూపు రుచిగానే ఉన్నది. నాకు మాత్రం ప్రతి చెంచాకూ ధర కనిపించింది. మరదలు తన భర్తతో మాట్లాడటం మానేసింది.

లెక్క ఇది. ఒకవంగో నీరు బోట్స్వానాలో కురిసిన వాననీరు కాదు. అంగోలా ఎత్తునేలల్లో జనవరి, ఫిబ్రవరి నెలలలో పడిన వాన, వాలు దాదాపు లేని నేల మీద పాకుతూ, గడ్డిలోను ఇసుకలోను ఇంకుతూ, కొన్ని నెలలకు గాని డెల్టా దిగువకు చేరదు. అందుకే స్థానికంగా వానలు లేని జూన్ నుంచి ఆగస్టు వరకు డెల్టా నిండుతుంది, వానలు పడే జనవరిలో అడుగంటుతుంది. ఏడాది పొడుగునా నీరుండే చోట్లు వేరే ఉన్నాయి, మొరెమిలోని కకనక వైపు మడుగులు వాటిలో ఒకటి. మాకిచ్చిన బస వరద వచ్చినప్పుడే తడిసే అంచున ఉన్నది. "మొరెమిలో ఉండగా ఒక్కమాట చెప్పి ఉంటే కకనకలో మోటారుపడవ ఎక్కించేవాడిని" అని గైడు తరువాత అన్నప్పుడు నా కోపం రెట్టింపయింది. జనవరిలోనే వెళ్ళదలచినవారు డబ్బంతా కలహారి మీద పెట్టండి. డెల్టా చూడదలచినవారు జూలైలో వెళ్ళండి, ఆ ధరలు రెట్టింపైనా సరే. రెండూ ఒకే నెలలో ఇస్తామనే ఏజెంటును, బస పేరు అడిగి, అక్కడి నీరు శాశ్వతమా, వరదనీరా అని నిలదీయండి.

చివరి రోజు మౌన్‌లో గైడే పూనుకుని, స్థానిక పడవవాళ్ళ సంఘం ద్వారా మొకోరో ఏర్పాటు చేయించాడు. ఇద్దరెక్కే పడవకు 800 పూలాలు, నలుగురికి 1,600, అంటే పదివేల రూపాయల లోపు. పూలా అంటే వాన అని అర్థం. ఎండిన దేశం తన డబ్బుకు ఆ పేరు పెట్టుకున్నది. గంటన్నర ఇసుకదారిలో వెళ్ళాక మిగిలిన ఒక పాయ కనిపించింది. పూర్వం పెద్ద చెట్టు మొద్దు తొలిచి చేసే మొకోరోలను ఇప్పుడు చెట్లు నరకకుండా ఫైబరుతో చేస్తున్నారు. పడవవాడు వెనుక నిలబడి గడకర్రతో నెడుతుంటే కలువాకులు అడుగున రాసుకుంటూ పోయాయి. జకానా పక్షి ఒకటి ఆకుల మీద తడబడకుండా నడిచింది. ఒక వంపు దగ్గర పడవవాడు ఆగి, నీటిగుర్రం ఊపిరి చప్పుడు విని, చప్పుడు లేకుండా వెనక్కు మళ్ళించాడు. ఈ నీరు ఎప్పుడు పెరుగుతుందని నా భార్య అడిగింది. "ఇది నిరుటి నీరమ్మా, ఈ యేటిది ఇంకా దారిలో ఉన్నది" అన్నాడు. మరదలు పడవలోంచే వెనుక పడవలో ఉన్న భర్త వైపు తిరిగి, మాటలు మానేసిన తరువాత మొదటిసారి, టోపీ పెట్టుకోమని కేకేసింది.

గైడుకు మనిషికి రోజుకు 10 డాలర్లు, వంటవాడికి 5 చొప్పున ఆరు రోజులకు 360 డాలర్లు బహుమానం ఇచ్చాము. మిగిలిన కందిపప్పు, ఆవాలు కూడా వంటవాడికే ఇచ్చేశాము. హైదరాబాదు వచ్చాక ఏజెంటుకు రాసిన మూడు ఉత్తరాలకు కలిపి ఒక్క సందేశం వచ్చింది: జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, తరువాతి బుకింగుపై పదిశాతం తగ్గింపు ఇస్తాము, డెల్టా పడవ విహారానికి వచ్చే నవంబరు అత్యుత్తమం. నవంబరు నాటికి అక్కడ వరదనీరు పూర్తిగా వెనక్కు పోయి ఉంటుంది. తోడల్లుడు ఆ సందేశానికి ఇప్పటికీ జవాబివ్వలేదు.