బరంపురంలో చేతికుట్టు బైండింగు: ఇంటి పుస్తకాలు ఇచ్చేముందు ఏం చెప్పాలి

బడాబజారు వైపు సందులో ఖాతా పుస్తకాలు, కాలేజీ రిపోర్టులు కట్టే చిన్న బైండింగు కొట్టు ఇది. యజమాని ఒడియా ఆయన. తెలుగు బాగా మాట్లాడతారు గానీ చదవలేరు. అందరూ జిగురుతో అంటించే గమ్ము బైండింగుకు మారిపోయినా ఇక్కడ ఇంకా ఫారాలను, అంటే కలిపి మడిచిన ఆకుల కట్టలను, సూదీ దారంతో కుడుతున్నారు. తాతగారి బీరువాలోని పుస్తకాలను మనవల చేతికి అందివ్వాలనుకునే ఇళ్లకు నిస్సందేహంగా చెప్పదగ్గ చోటు. కుట్టుకు ఐదుకు ఐదు మార్కులు. పుస్తకం వీపు (కుట్టు ఉండే అంచు) మీద పేరుకు మాత్రం రెండే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. అందుకే బరంపురంలోనూ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలోనూ తెలుగువాళ్ల ఇళ్లలో మద్రాసులో అచ్చయిన పాత పుస్తకాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి రెండో ప్రతి దొరకదు. ఉన్న ప్రతినే కాపాడుకోవాలి.

కొట్టుకు తీసుకెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. అక్షరాలు లేని చోట ఒక పేజీ మూలను మెల్లగా ముందుకొకసారి, వెనక్కొకసారి మడవండి. మూల విరిగి చేతిలోకి వస్తే ఆ కాగితం సూదిని తట్టుకోదు, కుట్టిన రంధ్రాల వెంబడే చిరుగుతుంది. అలాంటి పుస్తకాన్ని బైండింగుకు ఇవ్వొద్దు. స్కాన్ చేయించి, అసలు ప్రతిని అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. ఈ కొట్టులో మెచ్చుకోవలసిన విషయం ఏమిటంటే, కాగితం పెళుసుగా ఉంటే వాళ్లే చూసి వద్దని వెనక్కి ఇచ్చేస్తారు.

కాగితం గట్టిగా ఉంటే పని ఇలా సాగుతుంది. పాత జిగురు గీకేసి ఫారాలు విడదీస్తారు. ఫారం అంటే మామూలుగా పదహారు పేజీలు, ఎనిమిది ఆకులు. మడత చిరిగిన చోట పలచటి కాగితం పట్టీ అంటించి మడతను నిలబెడతారు. వీపుకు అడ్డంగా మూడు నాడాలు పెట్టి, ప్రతి ఫారాన్నీ మడత మధ్యలోంచి కుడుతూ నాడాల చుట్టూ దారం తిప్పుతారు. ఆ నాడాల కొసలే తర్వాత అట్టలకు అతుక్కుంటాయి, కాబట్టి పుస్తకం బరువు జిగురు మీద కాకుండా దారం మీద పడుతుంది. పైన పలచటి గాజుగుడ్డ, ఆపైన క్యాలికో అనే బైండింగు బట్ట. ఇలా కుట్టిన పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెడితే చెయ్యి పెట్టకపోయినా తెరుచుకునే ఉంటుంది. పక్కన పిల్లను కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవాళ్లకు ఇంతకన్నా కావలసింది లేదు.

నెలనెలా వచ్చిన పిల్లల పత్రికలు కట్టించేవాళ్లు పన్నెండూ ఒకే సంపుటంగా అడుగుతారు. వద్దు. ఆరేసి చొప్పున రెండు చేయించండి. పన్నెండు కలిపితే పిల్లల ఒళ్లో ఆగని బరువవుతుంది. పైగా అంత మందానికి పక్కనుంచి కుట్టేయడం సులువని ఏ బైండరుకైనా అనిపిస్తుంది. పక్కకుట్టు వేస్తే లోపలి అంచున ఉన్న అక్షరాలు మడతలోకి పోతాయి, బొమ్మలు సగం కనిపించకుండా పోతాయి. మధ్యలో పిన్ను కొట్టిన పత్రిక దానికదే ఒక ఫారం. తుప్పు పట్టిన పిన్నును లాగెయ్యకుండా లోపలివైపు కాళ్లు ముందు నిటారుగా లేపి, తర్వాత బయటి నుంచి తీయాలి. ఈ పని ఇంట్లోనే చేసి ఇవ్వడం మేలు. కొట్టులో హడావుడిగా లాగితే మడత దగ్గర చిరుగు ఖాయం.

తప్పకుండా నోటితో చెప్పి, చీటీ మీద రాసి కూడా ఇవ్వాల్సింది కటింగ్ గురించి. అలవాటుగా మూడువైపులా మిషన్ మీద కోసేస్తారు. ఒక్కోవైపు మూడు మిల్లీమీటర్లు పోయినా, ఇదివరకే ఒకసారి బైండు చేసిన పుస్తకమైతే అంచులో పెన్సిలుతో రాసుకున్న అర్థాలు, గుర్తులు తెగిపోతాయి. "కటింగ్ వద్దు" అంటే మానేస్తారు, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఉండనివ్వండి.

ఇంకొకటి మొదటి పేజీ. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరికి బహుమతిగా ఇచ్చారు అన్నవన్నీ అక్కడే ఉంటాయి. నాయనమ్మ సంతకం కింద నాన్న సంతకం, దాని కింద పిల్లలది. కొత్త ఎండ్ పేపరు (అట్టకూ పుస్తకానికీ మధ్య వేసే ఖాళీ కాగితం) ఆ ఆకు మీదే పరిచి అంటించేస్తే ఆ చేతిరాతలు శాశ్వతంగా మూసుకుపోతాయి. ఎండ్ పేపరును వీపు పక్కన సన్నని గీతంత జిగురుతో మాత్రమే అతికించమనండి.

జిగురు విషయంలో ఇక్కడ మైదా ఉడికించి మైలుతుత్తం కలుపుతారు. ఆ విషం పురుగును దూరంగా ఉంచుతుంది. అందుకే పుస్తకాలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లోకి ఇది వద్దు. ఫెవికాల్ అడగండి. దానితో చిక్కేమిటంటే, మళ్లీ విప్పాల్సి వస్తే కాగితం ఊడొస్తుంది. పురుగు రాకుండా బీరువాలో ఎండు వేపాకు గానీ వసకొమ్ము గానీ గుడ్డమూటలో ఉంచితే చాలు. తాళపత్రాలకూ వసకొమ్మే వాడేవారు.

లోటు వీపు దగ్గరే. బంగారు అచ్చుకు తెలుగు అక్షరాలు ఇక్కడ లేవు. కాగితం చీటీ అంటిస్తారు, ఒక్కోసారి తలకిందులుగా. పేరు ఇంట్లోనే ప్రింటు తీసి, పైకొస ఎటో బాణం గుర్తు పెట్టి ఇవ్వండి. ఫారాల వరుస కూడా అంతే. తెలుగు అంకెలున్న పాత పుస్తకమైతే ప్రతి ఫారం మొదటి పేజీ కింద పెన్సిలుతో 1, 2, 3 అని వేసి ఇవ్వాలి. పేజీ నంబరు లేని బొమ్మల ఆకులు ఏ పేజీకి ఎదురుగా రావాలో వెనక రాయాలి.

ధర గమ్ము బైండింగు కన్నా బాగా ఎక్కువే, న్యాయమే. వానాకాలంలో ఇవ్వొద్దు. ఈ తీరపు తేమకు జిగురు ఆరదు, అట్ట వంకరపోతుంది, బూజు పడుతుంది. మార్చిలో రిపోర్టుల రద్దీ. సంక్రాంతి దాటాక ఇచ్చి ఫిబ్రవరిలో తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచిది. తీసుకునేటప్పుడు డబ్బులిచ్చే ముందే అక్కడే నిలబడి పేజీలు మొదటినుంచి చివరిదాకా తిప్పి చూసుకోండి. వరుస తప్పితే విప్పి సరిచేసి ఇస్తారు.