చౌటుప్పలా, భువనగిరా, షాద్‌నగరా? రోజూ పట్నం పోయొచ్చేటోళ్లకు ఏది మేలు?

హైదరాబాద్ వనస్థలిపురంల డబుల్ బెడ్రూంకు నెలకు 16 వేలు కట్టుకుంట ఆరేండ్లు ఉన్నం, ఈ ఏడు ఇగ మాతోని కాదనుకున్నం. మాది మునుగోడు దిక్కు, ఊర్ల అమ్మ ఒక్కతే ఉంటది, ఆమెను తెచ్చుకోవాలంటే పట్నంల ఇంకో రూం కావాలె, దానికి ఇంకో నాలుగైదు వేలు. అందుకే బయట ఏదన్న టౌన్ చూసుకొని రోజూ పోయొద్దాం అని డిసైడ్ అయినం. నా ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే, మా ఆవిడ ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రైవేట్ ఆస్పత్రిల నర్సు. ముందే చెప్తున్న, నేను రాసేదంత ఈ రెండు జాగల చుట్టే తిరుగుతది, మీ డ్యూటీ ఇంకో దిక్కు ఉంటే మీ జవాబు వేరే ఉంటది.

మ్యాప్‌ల చూస్తే మూడు టౌన్లూ ఒక్క తీరుగనే కనవడ్తయి, పట్నానికి 50 కిలోమీటర్లు అటూ ఇటూ. కిలోమీటర్లు చూసి ఇల్లు తీసుకున్నోళ్లు మా చుట్టాలల్లనే ఇద్దరు ముగ్గురు ఏడాది తిరగక ముందే వాపస్ వచ్చిండ్రు. అందుకే మేము ఒక్కో టౌన్ల నాలుగైదు రోజులు ఉండి, అక్కడి నుంచే డ్యూటీలకు పోయి చూసినం. షాద్‌నగర్‌ల మా బామ్మర్ది ఇల్లు, భువనగిరిల బాబాయ్ ఇల్లు, చౌటుప్పల్‌ల మా ఆవిడతోని పనిచేసే అక్క ఇల్లు.

షాద్‌నగర్ ముచ్చట తొందరగ చెప్పేస్త. 2016ల జిల్లాలు మారకముందు ఇది మహబూబ్‌నగర్ జిల్లానే, ఇప్పుడు రంగారెడ్డి. బెంగళూరు హైవే మీద ఉంటది, రాయికల్ టోల్ షాద్‌నగర్ దాటినంక వస్తది కాబట్టి పట్నం పోనీకి టోల్ లేదు. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ పోయే రైలు లైన్ మీద స్టేషన్ ఉంది, ఆ లైన్ డబుల్ అయింది, కరెంటు బండ్లు నడుస్తున్నయి. మా బామ్మర్ది శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కార్గోల చేస్తడు, ఆయన బైక్ తీస్తే అరగంట. "బావా, నేను ఇంట్ల టిఫిన్ తిని పోత, పొద్దుగూకక ముందే పిల్లల దగ్గరుంట, ఇంకేం కావాలె" అన్నడు, నిజమే, ఆయనకు అంతకన్న మంచి ఊరు లేదు. శంషాబాద్, కొత్తూరు కంపెనీలు, ఆరాంఘర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహిదీపట్నం పోయేటోళ్లు, శంషాబాద్‌ల ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి గచ్చిబౌలి పోయేటోళ్లు, వీళ్లందరు కండ్లు మూసుకొని షాద్‌నగర్ తీసుకోవచ్చు. మాకే కుదరలే. మా ఆవిడ ఆరాంఘర్‌ల దిగి, చాంద్రాయణగుట్ట మీదికెళ్లి ఎల్బీనగర్ చేరేసరికి బస్సుల ఉన్నంత సేపు మళ్ల రోడ్డు మీద ఉండాల్సొచ్చింది. నేను రైలుల కాచిగూడ దాక మంచిగనే పోయిన గని అక్కడి నుంచి మళ్ల సికింద్రాబాద్ పోవాలె. జడ్చర్ల గురించి కూడ అడుగుతరు, అది ఇంకా ముప్పై కిలోమీటర్ల పైన, రాయికల్ టోల్ కూడ మీద పడ్తది, పోలేపల్లి సెజ్‌ల డ్యూటీ ఉన్నోళ్లకు తప్ప రోజూ పట్నం పోనీకి నేనైతే చెప్ప.

భువనగిరి నాకు మస్తు నచ్చింది, ఉన్నదున్నట్టు చెప్తున్న. పొద్దుగాల ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఎదురుంగ గుట్ట, ఒక్కటే బండ, దాని మీద కోట, ఎండ పడంగనే రాయి ఎర్రగ మెరుస్తది. రోజూ పోయేటోళ్లకు ఏ బోగి ఏడ ఆగుతదో లెక్క తెలుసు, అక్కడనే గుంపుగ నిలబడ్తరు, బండి పూర్తిగ ఆగకముందే కిటికీల నుంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటరు. రెండో రోజు ఒకాయన "అన్నా, కొత్తనా? రేపటి నుంచి ఈడ నిలబడు" అని జాగ చూపెట్టి, మూడో రోజు నాకు గూడ సీటు ఆపిండు. సికింద్రాబాద్ కాజీపేట మెయిన్ లైన్ కాబట్టి బండ్లకు కొదువ లేదు, 47 కిలోమీటర్లు గంట లోపు తెచ్చి నా ఆఫీసు ముంగట దించినట్టే. సీజన్ టికెట్, అంటే రైలు పాస్, తీస్కుంటే బస్ పాస్‌ల సగం కూడ కాదు. కాకపోతే సీజన్ టికెట్‌తోని రిజర్వేషన్ బోగీలు ఎక్కొద్దు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే సర్‌ఛార్జ్ కట్టాలె, ఇది తెలియక కొత్తోళ్లు ఫైన్ కడ్తుంటరు. ఒక్క రోజు బండిని స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ కాడ ముప్పావుగంట ఆపిండ్రు, మిగితా రోజులు టైంకే పోయిన.

గని కారుల పోయేటోళ్లకు లెక్క వేరే. భువనగిరి నుంచి వరంగల్ హైవే ఎక్కితే బీబీనగర్ కంటె ముందే గూడూరు టోల్ వస్తది. ఫాస్టాగ్ ఏడాది పాస్ 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది కదా, అప్పుడు 3 వేలకు 200 ట్రిప్పులు, అది తీస్కుంటే చాలు అని బాబాయ్ అన్నడు. కూసొని లెక్కేసినం, పోను ఒకటి రాను ఒకటి, రోజుకు రెండు ట్రిప్పులు, 100 పని దినాలకే అయిపోతది, అంటే నాలుగు నెలలు. టోల్‌గేట్‌కు 20 కిలోమీటర్ల లోపు ఉండేటోళ్లకు నెల పాస్ వేరే ఉంటది, అడ్రస్ ప్రూఫ్ చూపెట్టి తీస్కోవాలె, రోజూ పోయేటోళ్లకు అదే చౌక. ఇగ ఉప్పల్ రోడ్డు చెప్పనక్కర్లేదు, నారపల్లి ఫ్లైఓవర్ పని 2018ల మొదలై ఏండ్లకేండ్లు సాగింది, ఆ రోడ్డు మీద తిరిగినోళ్లకే తెలుసు. ఉప్పల్ చేరితే మెట్రో ఉంది, రాయదుర్గం దాక బండి మారకుండ పోవచ్చు, అటు ఐటీ ఉద్యోగం చేసేటోళ్లకు పనికొస్తది.

మా ఆవిడకు మాత్రం భువనగిరి నుంచి ఎల్బీనగర్ అంటే ఉప్పల్‌ల దిగి ఇంకో బస్సు. మధ్యాహ్నం డ్యూటీ అయితే రాత్రి 8కి అప్పజెప్పి బయటపడ్తది, ఉప్పల్ రింగ్ రోడ్డుకు వచ్చేసరికి తొమ్మిది, అక్కడి నుంచి భువనగిరి బస్సు. నాలుగు రోజులల్ల రెండు రోజులు పదిన్నర దాటినంకనే ఇల్లు చేరింది, తినకుండనే పండుకుంది.

చౌటుప్పల్‌కు రైలు లేదు, ఉన్నదంత 65 నంబర్ విజయవాడ హైవేనే. పంతంగి టోల్ చౌటుప్పల్ దాటినంక, చిట్యాల దిక్కు వస్తది కాబట్టి మనకు పడదు, చిట్యాల, నార్కట్‌పల్లి, నల్గొండ నుంచి కారుల వచ్చేటోళ్లకు పడ్తది. నల్గొండ, సూర్యాపేట దిక్కు బస్సులన్ని ఇటే, పది పదిహేను నిమిషాలకు ఏదో ఒకటి దొరుకుతది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల టికెట్ లేదు, ఆధార్ చూపెడితే జీరో టికెట్ కొట్టిస్తరు, డీలక్స్, సూపర్ లగ్జరీలకు చెల్లదు. మా ఆవిడకు నెలకు రానుపోను పైసా ఖర్చు లేదు, ఒక్కటే బస్సు, ఎల్బీనగర్‌ల దిగి ఐదు నిమిషాల నడక. పొద్దుగాల డ్యూటీకి ఆరుంబావుకు ఎక్కితే ఏడున్నర లోపు దిగుతది.

నాకే లేటు. ఎల్బీనగర్ దాక బస్సు, అక్కడ మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌ల మారి సికింద్రాబాద్ వెస్ట్‌ల దిగాలె, ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు దాక రెండు గంటలు. భువనగిరి కంటె రోజుకు గంట ఎక్కువ నాకు. మెట్రో టికెట్టు, బస్సు టికెట్టు కలిపి ఖర్చు కూడ ఎక్కువనే.

చౌటుప్పల్‌ల లోటు లేదని కాదు. చుట్టూ కెమికల్ కంపెనీలు, కొన్ని వాడలల్ల రాత్రి పూట ఘాటు వాసన వస్తది, ఇల్లు చూడనీకి పగలు కాదు, రాత్రి తొమ్మిదింటికి పోండి. నీళ్ల సంగతి మునుగోడోళ్లం మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన పెద్దమనుషులను చూసుకుంటనే పెరిగినం, ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ స్కీం పైలాన్ 2015ల చౌటుప్పల్‌లనే కట్టిండ్రు. కిరాయికి తీసుకునేటప్పుడు భగీరథ నల్లా ఉందా, బోరేనా అని అడగకుండ అడ్వాన్స్ ఇయ్యొద్దు. సంక్రాంతికి ముందు మూడు రోజులు హైవే మీద కార్ల వరుసలు, ఆ రోజులల్ల లీవ్ పెట్టుకునుడే. రీజినల్ రింగ్ రోడ్డు వస్తది అని ప్లాట్లు అమ్మేటోళ్లు చెప్తనే ఉంటరు, కిరాయికి పోయేటోళ్లకు దాంతోని పని లేదు.

ఇంకా దూరం పోయి నల్గొండలనే ఉందామా అని కూడ అనుకున్నం, చుట్టాలందరు ఆడనే. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాక ఇస్తరు కాబట్టి తీసుకోవచ్చు గని, పగిడిపల్లిల మెయిన్ లైన్ కలిసేదాక సింగిల్ లైనే, ఎదురు బండి వస్తే ఆగుడే. వారానికి రెండు రోజులు ఆఫీసు పోయేటోళ్లకైతే ఓకే.

ఇగ మా ఇంట్ల పంచాయితీ భువనగిరా చౌటుప్పలా అని. మా ఆవిడ నా కోసమని భువనగిరే అన్నది, "నువ్వు రోజూ పోతవు, నాకు షిఫ్టులే కదా, సర్దుకుంట" అని. నేను ఒప్పుకోలే. నేను సాయంత్రం లేటయితే ఫోన్ చూసుకుంట కూసుంట, ఆమె రోజంత నిలబడి పనిచేసి వస్తది, రాత్రి తొమ్మిదింటికి రింగ్ రోడ్డు మీద ఇంకో బస్సు కోసం ఆమెను నిలబెట్టి నేను ఇంట్ల అన్నం తినలేను. ఇంట్ల ఎవరు ఆఖరుకు వస్తరో, ఎవరు చీకట్ల వస్తరో వాళ్ల బస్సు చూసే ఊరు తీసుకోవాలె అని నా లెక్క.

చౌటుప్పల్‌ల ఎనిమిది వేలకు డబుల్ బెడ్రూం దొరికింది, అమ్మకు ముందర రూం, భగీరథ నల్లా ఉంది. అంతకంటె ముందు ఇంకోటి చూసినం, కొత్తది, వెయ్యి తక్కువ, గని రోడ్డుకు అవతలి పక్క, రాత్రి బస్సు దిగి హైవే దాటాలె, లారీలు ఏ స్పీడ్‌ల పోతయో చూసినోళ్లకు తెలుసు. మేము తీసుకున్నదేమో విజయవాడ దిక్కు పోయే రోడ్డు పక్కనే, ఎల్బీనగర్ నుంచి వచ్చే బస్సు ఏ పక్క ఆపుతదో ఆ పక్కనే. పొద్దుగాల పోయేటప్పుడు దాటాలె, అప్పుడు వెలుతురు ఉంటది, నేను పక్కన ఉంట. మొన్న ఆదివారం అడ్వాన్స్ ఇచ్చినం.